కార్డు మనిషి

ఆఫర్ లెటర్‌లో ఒక్క అక్షరం తప్పు లేదు. వీసా మార్పించే బాధ్యత క్లబ్బుదేనని ఉంది, ఉండటానికి గది ఇస్తామని ఉంది, హోదా దగ్గర కబడ్డీ కోచ్ అని ఉంది. తప్పల్లా ఒక్కటే, అది లింబాద్రి పేరు మీద లేదు. శ్రీ గంగాప్రసాద్ గారికి అని ఉంది.

బర్ దుబాయ్‌లో బట్టల కొట్ల పైన, మూడో అంతస్తులో ఆ స్పోర్ట్స్ క్లబ్బు ఆఫీసు. లింబాద్రి కాగితాన్ని రెండుసార్లు చదువుకున్నాడు. ఎదురుగా కూర్చున్న మురళీ అతను చదువుతున్నంతసేపూ నవ్వుతూనే ఉన్నాడు. మురళీది కాకినాడ. పగలు షిప్పింగ్ కంపెనీలో ఉద్యోగం, సాయంత్రాలు ఈ క్లబ్బుకు కార్యదర్శి. లేబర్ క్యాంపుల జట్లన్నిటినీ కలిపి ఈ ఏడాది, అంటే 2018లో, కొత్తగా కబడ్డీ లీగు పెడుతున్నారు. కోచ్ కోసం వెతికితే అజ్మాన్‌లో అడిగినా షార్జాలో అడిగినా అందరూ ఒకటే పేరు చెప్పారట. గంగాప్రసాద్ ఉండగా ఇంకొకరెందుకన్నారట. ఆ మాట చెప్పి మురళీ పాస్‌పోర్టు కాపీ అడిగాడు. లింబాద్రి మడత విప్పి ఇచ్చాడు. అది చూస్తూ చూస్తూ మురళీ నవ్వు కాస్త కాస్తగా తగ్గిపోయింది.

"లింబాద్రి ఎవరండీ?"

"నేనే సార్."

"మరి గంగాప్రసాద్?"

"అది గూడ నేనే సార్. ఆటల."

ఇందులో అర్థం కానిదేముందో లింబాద్రికి తెలియలేదు. క్యాంపుల్లో అందరికీ తెలిసిన సంగతే. 2009లో కంపెనీ అతన్ని నిజామాబాద్ జిల్లా నుంచి తెప్పించింది గోడలు కట్టడానికి కాదు, కూతకు పోవడానికి. వీసా మీద మేస్త్రీ అని ఉన్నా ఆడిన నాలుగేళ్లలో అతను తాపీ ముట్టలేదు. మెస్సులో అతనికి వేరే పాలు, వేరే గుడ్లు. ఆ చుట్టుపక్కల క్యాంపుల్లో ఆడినందుకు జీతం తీసుకున్న మొదటి మనిషి అతనే. అయితే టోర్నమెంటుకు ఒక రూలుండేది, కంపెనీలో రెండేళ్లు పనిచేసినవాడే ఆడాలని. నిన్నగాక మొన్న విమానం దిగినవాడు ఆడేదెట్లా? క్యాంపు ముదీర్, అంటే మేనేజరు, ఒక పాతవాడి లేబర్ కార్డు తెచ్చి అతని చేతిలో పెట్టాడు. కార్డు మీద గంగాప్రసాద్ అని పేరు, అరిగిపోయిన ఫోటోలో ఎవరికైనా సరిపోయే మీసం. దాన్ని కార్డు మీద ఆడుడు అంటారు. కార్డు ఎవరిదో ఆ మనిషిని కూడా కార్డు అనే అంటారు. నీ కార్డెవరు, నా కార్డు ఊరికి పోయిండు, ఇట్లా మాట్లాడుకుంటారు. లింబాద్రి కార్డు గంగాప్రసాద్. రెండేళ్లు నిండాక కూడా, పేరు పడ్డాక మార్చడమెందుకని ముదీర్ అదే కార్డు మీద ఆడించాడు. అందుకే సర్టిఫికెట్లన్నీ ఆ పేరునే వచ్చాయి, పేపర్లో పడ్డ ఫోటో కింద కూడా ఆ పేరే వేశారు. ఎడమ మోకాలు పోయి, ఆట మాని, సాయంత్రాలు కోచింగ్ ఇవ్వడం మొదలుపెట్టాక కూడా జట్టువాళ్లు గంగన్నా అనే పిలుస్తున్నారు. లింబాద్రీ అని ఎవరైనా పిలిస్తే, ఊళ్లో ఎవరికో ఏదో అయిందని గుండె దడదడలాడుతుంది.

మురళీ అంతా విన్నాడు. కోప్పడలేదు గానీ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. తనకు తల తిరుగుతోందన్నాడు. తాను నమ్ముతానని, కమిటీ నమ్మాలిగదా అని, ఆదివారం సాయంత్రం కమిటీ కూర్చుంటుందని చెప్పాడు. ఆ గంగాప్రసాద్ ఎవరో ఆయన చేత, ఆడింది నేను కాదు, లింబాద్రి అని రాయించుకుని, ఐడి కాపీతో సహా తెమ్మన్నాడు.

"ఆయనున్నాడా అసలు? ఎక్కడుంటాడు?"

ఈ తొమ్మిదేళ్లలో ఆ మనిషి ఎక్కడుంటాడో తెలుసుకోవాల్సిన అవసరం లింబాద్రికి పడలేదు. క్యాంపులో ఒకటి రెండుసార్లు చూశాడేమో. మీసం తప్ప ఇంకేమీ గుర్తులేదు. రెయిలింగు పట్టుకుని, పక్కకు తిరిగి, ఒక్కో మెట్టూ దిగుతూ ఆ మొహం గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. తన మొహమే గుర్తొచ్చింది.

మర్నాడు గురువారం. అజ్మాన్ పారిశ్రామికవాడలోని సిమెంటు బ్లాకుల ఫ్యాక్టరీలో లింబాద్రి పొద్దున్నే పైపు పట్టుకున్నాడు. మోకాలు పోయిన దగ్గర్నుంచీ అతనిది బ్లాకులు తడిపే పని. పేర్చిన వరసల మీద నీళ్లు కొట్టాలి, పై వరస తెల్లబడకముందే మళ్లీ కొట్టాలి, తడి ఆరాక ఒక్కో బ్లాకునూ వేలి కణుపుతో తట్టి చూడాలి. గట్టిదైతే ఠంగుమంటుంది, లోపల పగులుంటే డొల్లగా మోగుతుంది. డొల్లవి పక్కన పెట్టాలి. అందులో అతన్ని మించినవాడు లేడు. అయినా ఏం లాభం? బరువెత్తలేని మనిషి మాకెందుకని కంపెనీ తేల్చేసింది. కాగితంలో మర్యాదగానే రాశారు, వీసా ఇక పొడిగించం అని. ఇంకా ఇరవై రెండు రోజులు. ఆలోపు కోచ్ ఉద్యోగం వస్తే సరి, లేదంటే టికెట్ చేతిలో పెట్టి పంపేస్తారు. ఊరికి పోయి ఏం చేస్తాడు? పొలంలో వంగలేడు, బండ ఎత్తలేడు. అతనికి వచ్చింది ఆట ఒక్కటే. అది నేర్పితే జీతమిస్తామన్నవాళ్లు పుట్టి బుద్ధెరిగాక వీళ్లొక్కరే. అదీ ఇంకొకడి పేరు పెట్టి అడిగారు.

మధ్యాహ్నం మెస్సుకు పోయి భోజన్నను అడిగాడు. భోజన్న ఆ క్యాంపులో పదిహేనేళ్లుగా వంటమనిషి, పాతవాళ్లందరి జాడలూ ఆయనకు తెలుసు. గంగాప్రసాద్ ఎక్కడున్నాడంటే ఉల్లిగడ్డలు తరుగుతున్న చెయ్యి ఆపి, ఏ గంగాప్రసాద్, నువ్వా అని అడిగాడు. నవ్వులాటకు అడిగాడా నిజంగానే అడిగాడా తెలియలేదు. అసలువాడు అన్నాడు లింబాద్రి. రాస్ అల్ ఖైమాలో కొండల కింద కంకర క్రషర్ దగ్గర ఉన్నాడని భోజన్న ఫోన్ నంబరిచ్చాడు. ఎందుకని అడగలేదు. మళ్లీ కత్తిపీట మీదికి వంగి, "ఆయన తానికి ఉత్త చేతులతోని పోకు" అన్నాడు.

లింబాద్రి ఆపిల్ పళ్లు కొన్నాడు.

శుక్రవారం సెలవు. వస్తున్నానని ముందే ఫోన్ చేశాడు. రాస్ అల్ ఖైమాలో బస్సు దిగి, కంకర లారీ ఒకటి పట్టుకుని క్రషర్ క్యాంపుకు చేరేసరికి పదకొండు దాటింది. అక్కడ గదుల కప్పులు, ఆరేసిన బట్టలు, పార్కు చేసిన లారీలు అన్నీ కంకర దుమ్ము పట్టి ఒకటే రంగులో ఉన్నాయి. కొళాయి దగ్గర గొంతుక్కూర్చుని ఒక మనిషి పనిబట్టలు ఉతుకుతున్నాడు. నలభై అయిదేళ్లుంటాయి. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు, మీసం లేదు. లింబాద్రిని చూడగానే సబ్బు చేతులతోనే లేచి నిలబడ్డాడు.

"రావే గంగాప్రసాద్" అన్నాడు.

చుట్టూ ఉన్న నలుగురైదుగురు నవ్వారు. తనూ నవ్వాలో వద్దో లింబాద్రికి తోచలేదు. ఆపిల్ పళ్ల సంచీ చాచాడు. గంగాప్రసాద్ దాన్ని అందుకుని అక్కడున్నవాళ్లందరికీ తలా ఒకటి పంచేశాడు, తనకు మిగల్చుకోలేదు. కోడికూర అయిందని, తిన్నాక మాట్లాడదామని గదిలోకి తీసుకుపోయాడు.

తిన్నాక లింబాద్రి విషయం చెప్పాడు. మోకాలి సంగతి చెప్పాడు, వీసా సంగతి, ఆదివారం కమిటీ సంగతి చెప్పాడు. బతిమాలాల్సి వస్తుందని దారంతా మాటలు కూడగట్టుకుని వచ్చాడు. ఆ అవసరమే రాలేదు. గంగాప్రసాద్ చేతులు తుడుచుకుని, మంచం మీద పాత క్యాలెండరు పరిచి, దాని మీద కాగితం పెట్టుకుని, ఏం రాయాలో చెప్పమన్నాడు. ఏడో తరగతి చదువు, ముత్యాల్లాంటి అక్షరాలు. నా పేరు ఫలానా, నా కార్డు నంబరు ఫలానా అని రాసుకుంటూ పోయి, ఒకచోట కలం ఎత్తి పట్టుకున్నాడు.

"ఏమని రాయాలె? ఆడలేదని రాయాల్నా, ఆడనియ్యలేదని రాయాల్నా?"

లింబాద్రికి అర్థం కాలేదు. "నీకు ఆటొచ్చా అన్నా?" అని అడిగాడు.

గంగాప్రసాద్ అతనికేసి చాలాసేపు చూశాడు. కోపంతో కాదు. ఇదేం ప్రశ్న అన్నట్టు చూశాడు.

"జట్టు జాబితల పేరు ఊకనె ఎక్కుతదానే? నువ్వు రాకముందు కూతకు పోయెటోన్ని నేనే."

ఎంత తేలిక లెక్క అది. టోర్నమెంటు జాబితాలో ముందే పేరున్నవాడి కార్డే పనికొస్తుంది. పేరుందంటే వాడు ఆటగాడే కావాలి. కోచ్‌నని చెప్పుకునే మనిషికి తొమ్మిదేళ్లలో ఒక్కసారైనా ఈ సంగతి తట్టలేదు. తట్టనివ్వలేదా? అదీ తెలియలేదు.

గంగాప్రసాద్ కలం మూత పెట్టి, తాపీగా చెప్పుకొచ్చాడు. ఒకే కార్డుకు ఇద్దరు మనుషులు కనిపిస్తే చిక్కని ముదీర్ భయం. అందుకని మ్యాచ్ ఉన్న ప్రతిసారీ అతన్ని మెస్సు వెనక సామాన్ల గదిలో ఉల్లిగడ్డ సంచుల మధ్య కూర్చోబెట్టి బయట తాళం వేయించేవాడు. తాళం వేసింది భోజన్నే. పాపం, ఆయన లోపలికి పంపేటప్పుడు చాయ్ గ్లాసు చేతికిచ్చేవాడు. మైదానం ఆ గోడకు అవతలే. ఏమీ కనిపించేది కాదు, వినిపించేది.

"ఫైనల్ రోజు మంది మందంత నా పేరు పెట్టి ఒర్రుతున్నరు. గంగాప్రసాద్, గంగాప్రసాద్ అని. లోపల నేను ఒక్కన్నే. దడుసుకున్న తమ్మీ. నేను సచ్చిపోయిన్నా ఏంది అనిపిచ్చింది. తాళం తీసినంక బయటికచ్చి బిర్యానీ వరసల నిలవడ్డ. జట్టోళ్లకు వేరే వరస. పేరు జెప్పుమన్నరు. జెప్పిన. ఆ లిస్టు పట్టుకున్నోడు నవ్విండు. గంగాప్రసాద్ గాడ భుజాల మీదున్నడు, నువ్వు ఎనకకు పో అన్నడు."

ఆ భుజాల మీద ఉన్నది లింబాద్రి. ఆ రోజు అతనికి బాగా గుర్తుంది. అంత సంతోషం మళ్లీ ఎన్నడూ ఎరగడు. ఇప్పుడా సంతోషాన్ని ఏం చేసుకోవాలో తెలియక, కాళ్ల దగ్గరున్న ఎంగిలి కంచం తీసి పక్కన పెట్టాడు. సిగ్గేసింది. దాని వెనకే, ఎక్కడినుంచో, అనుమానం కూడా వచ్చింది. ఆటాడానని ఎవరైనా చెబుతారు. చిన్నప్పుడు ఊళ్లో కూతకు పోని మగాడెవడు?

ఆ అనుమానం మొహంలో కనపడిందేమో. గంగాప్రసాద్ లేచి, లుంగీ ఎగగట్టి, బయటికి రమ్మన్నాడు.

గదుల ముందు చదునైన నేల మీద మడమతో ఒక గీత గీశాడు. పిలవకుండానే పదిమంది పోగయ్యారు. లింబాద్రి వద్దనలేకపోయాడు. వద్దనడం ఇష్టం కూడా లేదు. చీలమండ పట్టులో ఒకప్పుడు తనకు సాటి లేరు, ఇప్పటికీ జట్టువాళ్లకు నేర్పేది అదే. చేతులు కిందికి వదిలి, బరువు కుడికాలి మీద వేసి నిలబడ్డాడు. గంగాప్రసాద్ గీత ముట్టి కళ్లకద్దుకుని కూత పట్టాడు. గొంతు సన్నగా, ఒకే స్థాయిలో, తెగకుండా వస్తోంది. మనిషి తొందరపడడం లేదు. కుడికి రెండడుగులు, ఎడమకు ఒకటి, మళ్లీ వెనక్కు. లింబాద్రి కళ్లు అతని పాదాలనే చూస్తున్నాయి. ఎడమ మోకాలు పోయిందని తానే చెప్పాడు, గంగాప్రసాద్ అటే వస్తాడు. ఎవడైనా అటే వస్తాడు. తనైతే అటే వచ్చేవాడు. ఆ లెక్కతో ఎడమ పక్కకు కాచుకుని ఉన్నాడు.

గంగాప్రసాద్ అటు రాలేదు. కుడిపక్కకు, బలమైన కాలి వైపు వచ్చాడు. లింబాద్రి వంగేలోపు అతని కాలి బొటనవేలు లింబాద్రి పిక్కను తాకింది, ఈగ వాలినంత మెత్తగా. తాకిన కాలు అప్పటికే గీత అవతల ఉంది. కూత ఇంకా ఆగలేదు.

తాకింది తామిద్దరికే తెలుసు. లింబాద్రి చెయ్యెత్తి, ఔటైనట్టు పక్కకు జరిగాడు. చూస్తున్నవాళ్లలో ఎవరో పెదవి విరిచి, కుంటికాలు మనిషిని ముట్టుడు ఏం గొప్ప అన్నారు. కుంటికాలిని వదిలిపెట్టాడని వాళ్లకెట్లా తెలుస్తుంది? లింబాద్రికి తెలుసు. అట్లాంటి కాలు తన జీవితంలో ఇద్దరికో ముగ్గురికో చూశాడు. తనకు మాత్రం లేదు. ఆ నాలుగేళ్లు ఈ మనిషి ఉల్లిగడ్డల మధ్య కూర్చున్నాడు. తనకు కలిగింది జాలా, అసూయా, భయమా అంటే ఏదని చెప్పగలడు?

లోపలికి వచ్చాక గంగాప్రసాద్ రొప్పు తగ్గించుకుని మళ్లీ కలం పట్టాడు. ఆడలేదు అనే రాశాడు. నీకు పనికొచ్చేదే రాస్తా, నాకిప్పుడు దానితో ఏం పని అన్నాడు. సంతకం చేసి, సిరా ఆరేదాకా ఊది, ఐడి కాపీ జతచేసి ఇచ్చాడు. లారీ ఎక్కించేటప్పుడు ఒక్కటే అడిగాడు, పనైతే ఫోన్ చెయ్యమని.

ఆదివారం సాయంత్రం మురళీ ఆ కాగితాన్ని బల్ల మీద పరుచుకుని చదివాడు. అక్షరాలు బాగున్నాయన్నాడు. ఐడి నంబరు సరిచూసుకున్నాడు. పక్క గదిలో కమిటీ కూర్చుని ఉంది, టీ గ్లాసుల చప్పుడు వినిపిస్తోంది. మురళీ లేవబోయి, మళ్లీ కూర్చున్నాడు.

"ఒక్క మాటండీ. వాళ్లు నన్నడుగుతారు. ఈయనకు ఆట వచ్చా?"

ఎందుకడుగుతున్నాడో కూడా చెప్పాడు. ఈయన ఆటగాడు కాకపోతే ఈ కాగితం చాలు, ఇవాళే పనైపోతుంది. ఆటగాడే అయితే కథ వేరు. సర్టిఫికెట్లు ఆయన పేరున ఉండి, ఆట కూడా ఆయనకొచ్చంటే, ఇద్దర్నీ మైదానానికి పిలిచి చూద్దామంటారు కమిటీవాళ్లు. ఉన్నది ఒక్క పోస్టే. అందులో తప్పేం లేదుగదా అన్నాడు మురళీ.

తప్పేం లేదు. లింబాద్రి నోరు తెరిచేదాకా నిజమే చెబుతాననుకున్నాడు. బస్సులోనూ, ఈ రెండు రోజులూ ఆ మాటలే నెమరేసుకుంటూ వచ్చాడు, నాకంటే మంచి ఆటగాడు సార్ అని. మైదానం అనగానే ఆ మెత్తటి బొటనవేలు గుర్తొచ్చింది. ఎడమ మోకాలు దానంతటదే బిగుసుకుంది. పంతొమ్మిది రోజులే ఉంది.

"రాదు సార్" అన్నాడు. "ఉత్త కార్డే."

"మరి జట్టు జాబితాలో పేరెలా ఎక్కిందండీ?"

"లెక్కకు పన్నెండు మంది గావాలె గద సార్. ఎవరివో పేర్లు నింపుతరు."

ఎంత సులువుగా వచ్చింది ఆ మాట. ఎవరో తన పక్కన కూర్చుని చెప్పినట్టు వచ్చింది. మురళీ తలాడించి, కాగితం తీసుకుని లోపలికి వెళ్లాడు. పావుగంటలో నవ్వుతూ బయటికొచ్చి చెయ్యి కలిపాడు. కంప్యూటర్ ముందు కూర్చుని, లింబాద్రి స్పెల్లింగు అక్షరం అక్షరం అడిగి కొత్త లెటర్ టైపు చేయించాడు. లింబాద్రి అందుకుని చదివాడు. తన పేరు, దాని కింద కబడ్డీ కోచ్. ఎవరో ముక్కూ మొహం తెలియనివాడి సంగతి చదువుతున్నట్టుంది. ఎప్పుడు చేరాలో మురళీ చెబుతుంటే తలూపాడు గానీ ఒక్క ముక్కా చెవికెక్కలేదు.

కిందికి దిగి వీధిలోకి వచ్చేసరికి ఫోన్ మోగింది. గంగాప్రసాద్. ఎత్తకూడదనుకుంటూనే ఎత్తాడు. చీరల కొట్టు ముందు జనం తోసుకుంటూ పోతున్నారు, గోడకు ఒదిగి నిలబడ్డాడు. అవతల డ్యూటీ దిగినట్టున్నారు, గిన్నెల మోత, నవ్వులు.

పనైందా అని అడిగాడు గంగాప్రసాద్. అయిందన్నాడు. మంచిదాయె, మంచిదాయె అన్నాడు గంగాప్రసాద్, నిజంగా సంతోషపడుతూ. లింబాద్రి పెట్టేయబోయాడు.

"తమ్మీ, నా సంగతేమన్న అడిగిన్రా?"

"అడిగిన్రన్నా."

"ఏమని?"

"నీకు ఆటొచ్చా అని."

"నువ్వేమన్నవ్?"

కొట్లోవాడు ఎవరికో చూపించడానికి ఒక పట్టుచీర పూర్తిగా విప్పి బల్ల మీద పరిచాడు. లింబాద్రి దానికేసి చూస్తూ నిలబడ్డాడు.

"నాకంటె మంచి ఆటగాడని జెప్పిన" అన్నాడు.

గంగాప్రసాద్ గొంతు మారిపోయింది. "ఒక్క నిమిషం ఆగు" అన్నాడు. "ఫోన్ పెద్దగ వెడ్త. శుక్రారం సంది ఈళ్లు కుంటోన్ని ముట్టిన్నని నవ్వుతున్నరు. మళ్లొక్కసారి జెప్పు, ఈళ్లు ఇంటరు." ఎవరినో హిందీలో చుప్ అని కసిరాడు. గిన్నెల మోత ఆగింది.

లింబాద్రి మళ్లీ చెప్పాడు. ఈసారి పేరు పెట్టి, అందరికీ వినపడేట్టు చెప్పాడు. అవతల ముందు ఒకరు, తర్వాత చాలామంది చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. అవి ఆగేదాకా ఫోన్ పెట్టేయడానికి అతనికి చెయ్యి రాలేదు.